ఉడకని పప్పు

ఆరింటికి ఎసరు పెట్టాను, పదకొండైంది.
కందిపప్పు ఇంకా కందిపప్పులాగే ఉంది.
వేళ్ళ మధ్య పెట్టి నలిపితే
గులకరాయిలా పక్కకు జారిపోతోంది.
ఎనభై ఆరుమంది పిల్లలు.
రెండు మోపులు ఎక్కువ కాలాయి.
ఆ కట్టెల ఖర్చు రాసుకోడానికి
రిజిస్టర్లో గడి లేదట.

చిటికెడు సోడా ఉప్పు వెయ్యమన్నాడు హెడ్మాస్టరు.
ఉప్పు నీళ్ళకి ఇంకో ఉప్పా సారూ, అన్నాను.
ఆయన నవ్వి
ఇరవై రూపాయల టిన్నులోంచి గ్లాసు నింపుకున్నాడు.

అబద్ధమెందుకు,
బడి గోడ అవతల మొదటి చెరువు తవ్విననాడు
మేమూ సంబరపడ్డాం.
మేత చల్లే పనికి రోజు కూలి రెట్టింపు.
రాత్రంతా ఏరేటర్లు నీళ్ళు చిలుకుతుంటే
ఊరు ఊరంతా మజ్జిగ చేస్తున్నట్టుండేది.
తర్వాత మాగాణి గట్ల వెంబడి
తెల్లటి పొక్కు లేచింది.
తర్వాత బోరు నీళ్ళు నాలిక్కి జిగటయ్యాయి.
ఆ తర్వాత పప్పు.

అర్జీ ఎనిమిదో తరగతి పిల్ల రాసిచ్చింది,
గుండ్రటి అక్షరాలతో, కింద గీత కొట్టి.
సోమవారం రేపల్లె ప్యాసింజరెక్కాను.
క్యారియర్ పై గిన్నెలో ఉడకని పప్పు,
నడిమి గిన్నెలో బోరు నీళ్ళు,
అడుగున నా అన్నం.
తెనాలి దాకా ఒళ్ళోనే పెట్టుకున్నాను,
తొణక్కుండా, చంటిపిల్లని పట్టుకున్నట్టు.

గుంటూరు నగరంపాలెంలో పెద్దాఫీసు.
నా నంబరు నూట నలభై మూడని బంట్రోతు చెప్పాడు.
లోపల ఒకమ్మాయి, మా పెద్దదాని ఈడుంటుంది,
మర్యాదగానే అడిగింది.
టీడీఎస్ ఎంతుందమ్మా?
ల్యాబు రిపోర్టు తెచ్చారా?
ఆ చెరువులు ఆక్వా జోన్లో ఉన్నాయా, బయటున్నాయా?

మూత తీసి బల్ల మీద పెట్టాను.
ఆ పిల్ల రెండు గింజలు తీసి నొక్కి చూసింది,
మళ్ళీ నొక్కింది.
ఏదో రాసుకుంది.
చేతికి చీటీ ఇచ్చింది.
తిరుగు బండిలో నా అన్నం తిన్నాను,
కడుపు నిండినట్టే అనిపించింది.

మూడో వారం జీపొచ్చింది, వెనకే పొక్లెయిను.
పూర్ణయ్యగారి నలభై ఎకరాల దగ్గర
ఆగి, కాయితాలు చూసి, కొబ్బరినీళ్ళు తాగి
ముందుకెళ్ళారు.
పర్మిషన్లన్నీ ఉన్నాయట, సంతకాలతో సహా.
చివరాఖర్న ఎకరంన్నర చెరువు,
మా తమ్ముడు ఏడుకొండలు కౌలుకి పట్టింది,
దానికి లేవు.

మోటారు వైరు కోశారు.
గట్టు రేపొచ్చి తెంపుతామన్నారు.
రేపటిదాకా ఆగే ఊపిరి రొయ్యకి లేదు.
అర్ధరాత్రి దాటాక చెరువు చుట్టూ
వాడూ వాడి పెళ్ళామూ
తెడ్లతో నీళ్ళు కొట్టారు, కొట్టారు.
తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలాయి,
నూరు కౌంటుకి కూడా రానివి.
పట్టుబడికి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

ఆ సాయంత్రం వాడు నా ఇంటికి భోజనానికొచ్చాడు.
ఎవరు అర్జీ పెట్టారో అడగలేదు,
నేను చెప్పలేదు.
టిన్ను నీళ్ళు కొని పప్పు వండాను.
పళ్ళెంలో వెన్నలా జారింది.

అప్పుడే ఫోను టింగుమంది.
నాకు చదువు రాదు.
ఏ మెసేజీ వచ్చినా వాడికే ఇవ్వడం అలవాటు,
ఆలోచించకుండా ఇచ్చేశాను.
వాడు ఎంగిలి చెయ్యి పక్కకి పెట్టి
ఎడం చేత్తో పట్టుకుని, కూడబలుక్కుంటూ,
పైకే చదివాడు.
“మీ అర్జీ పరిష్కరించబడినది.”

మళ్ళీ ఒకసారి చదివాడు, ఈసారి లోపల్లోపలే.

ఫోను బోర్లించి పెట్టి
ఇంకో ముద్ద కలిపాడు.
బాగా ఉడికిందే అక్కా, అన్నాడు.

తర్వాత లేచి
చెయ్యి కడుక్కోడానికి వీధి బోరు దగ్గరికెళ్ళాడు.
ఒక్క చెయ్యి కడగడానికి
ఎన్నిసార్లు కొట్టాడో.